పార్సిల్ పంపే ముందు పెట్టెను కుదిపి చూడండి

ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం మడత కాజాలు, కాకినాడ గొట్టం కాజాలు, ఊరూరా ఇళ్ళలో పట్టే ఆవకాయ, కడియం నర్సరీల మొక్కలు. ఇవన్నీ ఒకప్పుడు చుట్టాల చేతి సంచుల్లో ఊళ్ళు దాటేవి. ఇప్పుడు కొరియర్లో దాటుతున్నాయి. చేసే చేతులు అవే, రుచీ అదే. వెళ్ళే దారి మాత్రం పూర్తిగా మారిపోయింది. మన ప్యాకింగ్ ఆ మార్పును ఇంకా పట్టించుకోలేదు. అట్టపెట్టెలు తయారుచేసే యూనిట్లో క్వాలిటీ పని చూసే నాకు ఇది రోజూ కనబడే బాధ. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను చెప్పేది ఒక్కటే. ఏ సరుకునైనా కొన్నవాళ్ళకి పంపే ముందు, దారిలో దాని పెట్టెకి తగలబోయే దెబ్బలన్నీ మన దగ్గరే తగిలించి చూడాలి. మన ఎండ, మన తేమ, మన రోడ్లు లెక్కలో పెట్టుకుని మరీ చూడాలి. ఎర్ర అక్షరాలతో ‘జాగ్రత్త, పగిలే వస్తువు’ అని స్టిక్కర్ అంటించి చేతులు దులుపుకుంటే అది ప్యాకింగ్ కాదు.

ఆత్రేయపురం దగ్గర ఒక ఊళ్ళో పూతరేకులు చుట్టి బెంగళూరు దాకా పంపే అక్క ఒకామె ఉంది. “చూడు తమ్ముడూ, కొరియర్ వాళ్ళు కావాలనే విసిరేస్తున్నారు. డబ్బులు నేను వెనక్కి ఇచ్చుకోవాల్సి వస్తోంది” అంది. తిరిగొచ్చిన పెట్టెను ఆమె పారెయ్యకుండా ఉంచడం మంచిదైంది. చేతిలోకి తీసుకుని చూశాను. నాలుగు మూలలూ కొత్త పెట్టెకున్నట్టే పదునుగా ఉన్నాయి. అంచులు నలగలేదు, టేపు ఊడలేదు. ఎత్తు నుంచి పడ్డ పెట్టె అలా ఉండదు. మూత తీస్తే పై వరస పూతరేకులు బాగానే ఉన్నాయి. కింది వరసలో, అందులోనూ ప్లాస్టిక్ డబ్బా గోడకి ఆనుకున్నవి మాత్రం పొడి అయిపోయాయి. డబ్బాకీ అట్టపెట్టెకీ మధ్య రెండు వేళ్ళు దూరేంత ఖాళీ ఉంది. అట్ట లోపలి వైపు డబ్బా అంచు రాసుకున్న చోట పైపొర లేచిపోయి, గోధుమరంగు నుసి పెట్టె అడుగున పేరుకుంది.

ఆ పెట్టెను ఎవరూ విసరలేదు. లారీలో రాత్రంతా కొట్టుకుంది, అంతే.

ఈ తేడా తెలియడమే అసలు విషయం. పగిలిన సరుకు చూడగానే మనకి పడెయ్యడమే గుర్తొస్తుంది, ఎందుకంటే అది కంటికి కనబడే పని. లారీలో జరిగేది కనబడదు. కమాన్ కట్టల మీద నడిచే లారీ, రోడ్డు ఎంత నున్నగా ఉన్నా, సెకనుకి మూడు నాలుగు సార్లు పైకీ కిందికీ ఊగుతుంది. దాని మీద టైర్ల అదురు వేరే, సెకనుకి పది నుంచి ఇరవై సార్ల దాకా. ఆ ఊపుకి పెట్టె లోపల ఉన్న సరుకు కూడా తనదైన ఊపు కలిపిందంటే, కింద చిన్నగా ఉన్న కదలిక పైన పెద్దదవుతుంది. అందుకే దొంతరలో అన్నిటికంటే పైన ఉన్న పెట్టె ఎక్కువ ఎగురుతుంది, అడుగున ఉన్నది ఎక్కువ బరువు మోస్తుంది. సగం ఖాళీగా వెళ్ళే లారీ నిండు లారీ కంటే ఎక్కువ కుదుపుతుంది. లారీ వెనక భాగంలో ఉన్న సరుకు ముందు భాగంలోని సరుకు కంటే ఎక్కువ దెబ్బ తింటుంది. ఇక మన వైపు ఏటిగట్ల మీద, కాలవ గట్ల మీద వేసిన రోడ్ల సంగతి వేరే చెప్పాలా? బంకమట్టి నేల వానకి ఉబ్బి ఎండకి కుంగుతుంది, దాని మీది తారు అలలు అలలుగా లేస్తుంది. హైవే ఎక్కకముందే ట్రక్ ఆటోలో పెట్టెకి సగం శిక్ష అయిపోతుంది.

దీన్ని ల్యాబులో ఎలా చూస్తారో తెలిస్తే ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదని అర్థమవుతుంది. అన్నిటికంటే పాత పద్ధతిలో ఒక బల్ల, దాని కింద మోటారు, కేంద్రం తప్పించి బిగించిన ఇరుసు ఉంటాయి. బల్ల ఒక అంగుళం మేర పైకీ కిందికీ ఊగుతుంది. పెట్టెను కట్టెయ్యకుండా ఊరికే దాని మీద పెట్టి, పక్కలకి జారిపోకుండా కంచె పెడతారు. మోటారు వేగం కొద్దికొద్దిగా పెంచుతూ, మిల్లీమీటరున్నర మందం ఉన్న లోహపు పట్టీని పెట్టె అడుగుకీ బల్లకీ మధ్య దూర్చి చూస్తారు. ఆ పట్టీ దూరిందంటే పెట్టె ప్రతి ఊపుకీ బల్లను వదిలి లేచి మళ్ళీ పడుతోందన్న మాట. వేగం అక్కడ ఆపి, మొత్తం 14,200 దెబ్బలు పూర్తయ్యేదాకా నడుపుతారు. నిమిషానికి 240 ఊపుల లెక్కన దాదాపు గంట పని. ఆ గంటలో పూతరేకుల చుట్టలు పొడి అవుతాయి, సీసా మూతలు వదులవుతాయి, నూనె ప్యాకెట్ల మడతల దగ్గర సన్నటి చిల్లులు పడతాయి, లేబుళ్ళు గీరుకుపోతాయి. పచ్చడి సీసా మూత బిగించినప్పుడు ఎంత బిగువుగా ఉన్నా, ఈ గంట తర్వాత తిప్పి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది.

ఆ తర్వాత అదే పెట్టెను, కొత్తది కాదు, పడేస్తారు. పది కిలోల లోపు బరువైతే 760 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి, అంటే సుమారు నడుం ఎత్తు కన్నా కాస్త కింద నుంచి. బరువు పెరిగేకొద్దీ ఎత్తు తగ్గుతుంది, ఎందుకంటే బరువైన పెట్టెను మనిషి ఎక్కువ ఎత్తు లేపడు. మొత్తం పది సార్లు. మొదట ఒక మూల మీద, తర్వాత ఆ మూలలో కలిసే మూడు అంచుల మీద, ఆపైన ఆరు ముఖాల మీద. ఆ మొదటి మూల ఏదో ఒకటి కాదు, అట్టను అతికించిన జాయింటు ఉండే కింది మూల. నడుం కింద నుంచి పడ్డ పెట్టె నేలను తాకేసరికి దాని వేగం గంటకి సుమారు 14 కిలోమీటర్లు. సైకిల్ మీద వెళ్తూ గోడకి గుద్దుకున్నంత. లోపల గాజు సీసాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

వరస కూడా ముఖ్యం. ఒక పెట్టెను ఊపి, ఇంకో పెట్టెను పడేసి, రెండూ బాగున్నాయి కాబట్టి సరే అనుకుంటే లాభం లేదు. దారిలో దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఊపుకి వదులైన మూత, పడినప్పుడు కారుతుంది. తేమకి మెత్తబడ్డ అట్ట, బరువు పడగానే కుంగుతుంది. ఏ దెబ్బకాదెబ్బ విడిగా తట్టుకున్నది, అన్నీ కలిస్తే తట్టుకోలేదు.

స్టిక్కర్ గురించి మొదట్లో ఒక మాట అన్నాను. అమెరికా ప్రభుత్వ అటవీ ఉత్పత్తుల పరిశోధనశాల 1979లో ఒక నివేదిక వేసింది. రవాణాలో పెట్టెలు నిజంగా ఏ ఎత్తు నుంచి, ఎన్నిసార్లు పడతాయన్న సమాచారమంతా అందులో ఒకచోట కూర్చారు. జాగ్రత్తగా పట్టుకోండి అనే రాతల వల్ల కలిగే ప్రభావం చాలా తక్కువని అందులో తేలింది. అదే, పెట్టెకి రెండు పక్కలా చెయ్యి పట్టే రంధ్రాలు ఉంటే పడే ఎత్తు తగ్గిందట. నాకు ఈ విషయం చాలా నచ్చింది. హమాలీ కుర్రాడికి మనం నీతులు చెబితే పెట్టె నిలవదు. అతనికి పట్టు దొరికితే నిలుస్తుంది. రాత్రి రెండింటికి గోడౌన్లో వందల పెట్టెలు దింపే మనిషి ప్రతి స్టిక్కరూ చదువుతూ కూర్చోడు, చదవాలని ఆశించడం న్యాయం కూడా కాదు. అతని పని మామూలుగా చేసుకుపోతుంటే కూడా బతికేలా పెట్టెను మనమే తయారుచెయ్యాలి.

ఇక తేమ. మన గోదావరి డెల్టాకి సంబంధించినంత వరకు అన్నిటికంటే పెద్ద శత్రువు ఇదేనని నా నమ్మకం, దీన్ని లెక్కించేవాళ్ళు మాత్రం చాలా తక్కువ. అట్టపెట్టె అంటే కాగితం. కాగితం గాలిలో తేమను పీల్చుకుంటుంది. పెట్టె బలం కొలిచే ల్యాబులో గాలి 23 డిగ్రీల వేడి, 50 శాతం తేమ దగ్గర ఉంటుంది. శ్రావణంలో అమలాపురంలోనో నరసాపురంలోనో అలాంటి గాలి ఎక్కడుంది? వానాకాలం పొద్దున్నపూట తేమ 80 శాతం దాటడం మనకి మామూలు. 90 శాతం తేమలో అట్టపెట్టె బలం దాదాపు సగానికి పడిపోతుంది.

లెక్క వేసి చూపిస్తాను. పెట్టెలు అమ్మినవాడు ల్యాబు రిపోర్టులో ఇది 200 కిలోల బరువు ఆపుతుందని చూపించాడనుకుందాం. అది కొత్త పెట్టె, పొడి గాలి, నిమిషంలో అయిపోయే పరీక్ష. మన తేమలో అది 100 కిలోలు. పెట్టె మీద బరువు నెల రోజులు అలాగే ఉంటే అట్ట నెమ్మదిగా అలిసిపోతుంది, నూటికి అరవై వంతులే మిగులుతుంది. అంటే 60 కిలోలు. పెట్టె బరువులో ఎక్కువ భాగం మోసేది దాని నాలుగు మూలలే. పెట్టె మూల మీద పెట్టె మూల వచ్చేలా పేర్చకుండా, జారిపోకూడదని అడ్డంగా నిలువుగా మార్చి మార్చి పేర్చారంటే, మూల బరువు కింది పెట్టె నడిమధ్య పడి ఇంకో సగం పోతుంది. మిగిలింది 30 కిలోలు. పది కిలోల ఆవకాయ పెట్టెలైతే, అడుగుదాని మీద మూడు పెట్టాక నాలుగోది పెట్టకూడదు. 200 అని చదివి పది వరసలు పేర్చిన గోడౌన్లో అడుగు వరస ఎందుకు కూలిందో ఇప్పుడు చెప్పండి. పెట్టె అమ్మినవాడు అబద్ధం ఆడలేదు. ఆ అంకె మన ఊరి గాలికి సంబంధించింది కాదు.

పూతరేకులకి తేమ రెండు విధాలా పగ. రేకు పొడిగా ఉంటే పెళుసు, తడి తగిలితే సాగుతుంది. చుట్టేటప్పుడు తడి గుడ్డతో కాస్త మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదారో బెల్లమో చల్లి మడతపెట్టే ఆ కొద్ది నిమిషాల్లో ఉన్న మెత్తదనమే దానికి సరైనది. చుట్టాక ఆరుతుంది. ఆరినదాన్ని ఊపితే పొడి, తేమలో వదిలితే ముద్ద. దాని డబ్బా ఊపునీ ఆపాలి, తేమనీ ఆపాలి, ఎండాకాలం కరిగిన నెయ్యి అట్టలోకి ఇంకకుండానూ ఆపాలి. ఎండలో నిలిపిన మూత బిగించిన వాహనంలో ఎంత వేడి ఉంటుందో మనకి తెలుసు. అంతర్జాతీయ పరీక్షల్లో మహా ఎండకి పెట్టుకున్న మెట్టు 60 డిగ్రీలు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుని కాపాడే కాగితం అది. రేకుని కాపాడే పెట్టె గురించి కూడా అంతే పట్టుదలగా ఆలోచించాలి కదా.

చాలామందికి తట్టని ఇంకో దెబ్బ ఎత్తు. మన డెల్టా దాదాపు సముద్రమట్టంలోనే ఉంది. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి ఇక్కడికంటే పదో వంతు తక్కువ. ఇక్కడ గాలితో సహా సీల్ చేసిన ప్యాకెట్ అక్కడికి చేరేసరికి ఉబ్బుతుంది. విమానంలో వెళ్తే ఒత్తిడి పావు వంతు దాకా తగ్గుతుంది. సీలు సన్నగా వేసిన పచ్చడి ప్యాకెట్ అంచుల వెంట నూనె ఊరడానికి అది చాలు. కొన్నవాళ్ళు ఉబ్బిన ప్యాకెట్ చూసి పచ్చడి పాడైపోయిందనుకుంటారు. అసలు పాడవనే లేదు. సీల్ వేసే ముందు ప్యాకెట్లో గాలి బాగా నొక్కి తీసేస్తే, సీలు పట్టీ వెడల్పు పెంచితే చాలావరకు తీరిపోయే సమస్య ఇది. ఆ పని చేశాక కూడా ప్యాకెట్ మీద బరువు పెట్టి ఒక పూట వదిలి, కింద పరిచిన కాగితం మీద నూనె మరక పడిందా లేదా చూడాలి.

ఇలాంటి పరీక్షలు పెద్ద కంపెనీల సొమ్మని అనుకోకండి. ఈ రంగంలో ఎక్కువమంది పాటించే పద్ధతులు రాసిన సంస్థ, ఇస్టా, 1948లో పుట్టింది. పుట్టించింది ఎనామిల్ పూత పూసిన పొయ్యిలు, వాషింగ్ మెషీన్ల లాంటివి చేసే పరిశ్రమ. రైల్లో వెళ్ళేసరికి ఎనామిల్ పెచ్చులు ఊడిపోతుంటే, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం మానేసి అందరూ కూర్చుని ఒకే కొలత పెట్టుకున్నారు. మన దేశంలో 1966లో ముంబైలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ పెట్టారు. దానికి హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. సరుకు నింపిన పెట్టెలకి చెయ్యాల్సిన పరీక్షలకి మన ప్రమాణాల సంస్థ రాసిన ఐఎస్ 7028 ఉంది. దారి ఉంది, అది మన ఊరి దాకా రాలేదు.

వచ్చేదాకా ఇంట్లో చెయ్యగలిగింది చాలా ఉంది. మూత గట్టిగా పట్టే పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి తీసుకోండి. అడుగున వెడల్పాటి పళ్ళెంలో కల్లుప్పు పోసి, ఉప్పు మొత్తం కరిగిపోకుండా ముద్దగా ఉండేంత నీళ్ళు చల్లండి. దాని మీద ఇటుకలు పేర్చి, ఇటుకల మీద సరుకు నింపిన పెట్టె పెట్టి మూత వెయ్యండి. ఉప్పు ముద్ద ఆ డ్రమ్ములోని గాలిని దాదాపు 75 శాతం తేమ దగ్గర నిలబెడుతుంది. ఇది ల్యాబుల్లో కూడా వాడే కొలతే. ఇంకా ఎక్కువ తేమ కావాలంటే ఉప్పు బదులు పొటాష్ ఎరువు వాడొచ్చు, అది 80 దాటిస్తుంది. పొటాష్ పెట్టిన డ్రమ్మును మాత్రం విడిగా ఉంచండి, అందులో పెట్టిన సరుకు ఎవరూ తినకూడదు. మూడు రోజుల తర్వాత పెట్టె బయటికి తీసి, వెంటనే దాని మీద చదునైన పలక వేసి, బియ్యం బస్తాలు ఒక్కొక్కటే ఎక్కించండి. పక్కలు ఎప్పుడు ఉబ్బుతాయో చూడండి. పొడి పెట్టె మీద కూడా అదే చెయ్యండి. ఆ రెండింటికీ మధ్య తేడా ఒకసారి కళ్ళారా చూసినవాళ్ళు ఇంక ఎప్పుడూ మూడు ప్లై పెట్టెలో, అంటే మూడు పొరల అట్టపెట్టెలో, సీసాలు పంపరు.

పడెయ్యడానికి కొలిచే టేపు, గోడ మీద గీత, సిమెంటు నేల చాలు. సీసాల్లో పచ్చడి బదులు అంతే బరువు తూగే ఉప్పు నీళ్ళు నింపి, రంగు కలపండి. ఎక్కడ కారిందో అట్ట మీద కనబడుతుంది. వరస తప్పకుండా, జాయింటు మూలతో మొదలుపెట్టి పదీ పూర్తిచెయ్యండి. ఊపు పరీక్ష ఇంట్లో కష్టం, ఒప్పుకుంటాను. ట్రక్ ఆటోలో వెనక మూల పెట్టి గట్టు రోడ్డు మీద తిప్పుకు రావడం ఉత్తమం. కాకపోతే ఆ పరీక్ష రెండోసారి సరిగ్గా అలాగే చెయ్యలేం. పాత పెట్టె, కొత్త పెట్టె రెండూ ఒకే ట్రిప్పులో పక్కపక్కన పెట్టి తీసుకెళ్తే పోలిక నిలుస్తుంది.

“మా అమ్మమ్మ ఏ ల్యాబుకి వెళ్ళి జాడీ పంపింది?” అని అడిగేవాళ్ళకి ఒక మాట. అమ్మమ్మ జాడీ ఎలా వెళ్ళిందో గుర్తు చేసుకోండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలవల్లో నీళ్ళతోపాటు పడవలూ నడిచాయి. తరాలపాటు బియ్యం, కొబ్బరికాయలు, జాడీలు నీటి మీదే వెళ్ళాయి. నీటి మీద వెళ్ళేదానికి కమాన్ కట్టల కుదుపు లేదు. ఆ తర్వాత బస్సు వచ్చినా జాడీ మనిషి ఒళ్ళోనో కాళ్ళ దగ్గరో ఉండేది, దాన్ని పట్టుకున్నవాళ్ళకి అందులో ఏముందో, ఎవరికి వెళ్తోందో తెలుసు. ఆ జాడీ మూతికి గుడ్డ కట్టి, ఎండుగడ్డిలో కూర్చోబెట్టిన పెద్దవాళ్ళు ఆ దారికి తగ్గ ప్యాకింగే చేశారు. మనం వేరే దారిలో పంపుతూ వాళ్ళ పేరు చెప్పుకోవడం వాళ్ళకి మర్యాద కాదు.

గడ్డి మాట వచ్చింది కాబట్టి పీచు సంగతి కూడా చెప్పాలి. కోనసీమలో కొబ్బరి పీచు కుప్పలు కుప్పలుగా పడి ఉంటుంది. దానికి రబ్బరు పాలు పట్టించి పరుపులు చేస్తున్నాం, అదే షీటు మన సీసాల మధ్య మెత్తగా ఎందుకు వాడకూడదు? వట్టి పీచు, వట్టి గడ్డి పెడితే తేమ పట్టి బూజు వస్తుంది, విదేశాలకైతే గడ్డితో కట్టిన పార్సిల్‌ను చాలా దేశాలు రానివ్వవు. రబ్బరు పట్టించిన పీచుకి ఆ గొడవ తక్కువ. ఎంత మందం చాలు, ఎన్ని దెబ్బల తర్వాత చచ్చుబడుతుంది అన్నవి పరీక్షిస్తే తప్ప తెలియవు. అంబాజీపేటలో కొబ్బరి అమ్ముకునే రైతుకి పీచు మీద కూడా నాలుగు రూపాయలు వచ్చే దారి ఇది. థర్మోకోల్ కొనడం మానేసి దీన్ని పరీక్షించమని నేను ఎవరితోనైనా గట్టిగా వాదిస్తాను.

పరీక్ష అంటే ఖర్చు పెరగడమే అన్న భయం కూడా తప్పు. భయం మీద ప్యాక్ చేసేవాళ్ళే ఎక్కువ ఖర్చు పెడుతున్నారు. బబుల్ షీటు మూడు చుట్లు, దాని మీద పేపరు, దాని మీద ఇంకో పెట్టె. కొరియర్లు చాలావరకు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, ఆ బరువుకీ అసలు బరువుకీ ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. 40, 30, 30 పెట్టె ఇలా 7.2 కిలోలు అవుతుంది. అదే సరుకు 35, 25, 25 పెట్టెలో ఇమిడితే 4.4 కిలోలు కూడా కాదు. లోపల నాలుగు కిలోల సరుకే ఉంటే మిగతాదంతా గాలికి కట్టే కిరాయి. చిన్న పెట్టె, కదలకుండా బిగించిన లోపలి అరలు, ఐదు ప్లై అట్ట, ఇవి పరీక్షలో నిలిచాయని తెలిస్తే ధైర్యంగా పెట్టె తగ్గించొచ్చు. తెలియనివాడే పెద్ద పెట్టె వెతుక్కుంటాడు.

ఇందులో నాకు కోపం తెప్పించేది ఒకటుంది. ఒకసారి ల్యాబుకి పంపి, సర్టిఫికెట్ తెచ్చి, ఫ్రేము కట్టి గోడకి తగిలించడం. పరీక్షించింది ఆ రోజు పెట్టెని. ఆరు నెలల తర్వాత కాగితం ధర పెరిగిందని పెట్టెలవాడు జీఎస్ఎం, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క, తగ్గిస్తాడు, బయటికి చూస్తే తేడా ఉండదు. మీరే మూత కంపెనీ మారుస్తారు. టేపు సన్నదవుతుంది. ఏది మారినా మళ్ళీ మొదట్నుంచి ఊపి, పడేసి చూడాలి. ఏమీ మారకపోయినా వానలు మొదలయ్యే ముందు ఒకసారి చూడాలి. వచ్చిన ప్రతి లాటు నుంచి ఒక పెట్టె తీసి తూకం వెయ్యండి, పాత పెట్టెకంటే తేలిగ్గా ఉంటే పెట్టెలవాణ్ణి నిలదీసి అడగండి. పెట్టెల యూనిట్లో పనిచేసేవాణ్ణి నేనే చెబుతున్నాను, తూకం వేసే కొనుగోలుదారుకి పెట్టెలవాళ్ళు పల్చటి కాగితం అంటగట్టరు.

ఒక్కొక్క ఇంటి మీద ఇంత భారం వెయ్యడం మాత్రం సరికాదు. పూతరేకులు చేసే ఆడవాళ్ళు పొద్దున్నుంచి పొగలో కూర్చుని కుండ మీద రేకు తీస్తారు. వాళ్ళని ఆపైన ఇంజినీర్లు కూడా అవ్వమనడం అన్యాయం. రాజమహేంద్రవరంలో, భీమవరంలో, అమలాపురంలో ఒక్కొక్క ఉమ్మడి పరీక్ష గది ఉండాలి. పైన చెప్పిన ఊగే బల్ల విదేశాల నుంచి రానక్కర్లేదు. మన రైస్ మిల్లులకి ఊగే జల్లెడలు చేసిపెట్టే లేత్ షాపులు డెల్టా నిండా ఉన్నాయి. మోటారు, కేంద్రం తప్పిన ఇరుసు, బల్ల, వేగం మార్చే డ్రైవు. జల్లెడ చెయ్యగలిగిన చేతికి ఇది తెలియని పని కాదు. దాని పక్కన వేడి, తేమ నిలబెట్టే ఒక చిన్న గది, బరువుతో నొక్కే ప్రెస్సు, కొలత తప్పకుండా పడేసే స్టాండు. దీన్ని నడపడానికి పాలిటెక్నిక్ చదివిన ఇద్దరు కుర్రాళ్ళు. డ్వాక్రా సంఘాలకి రుణాలిచ్చి, మిషన్లిచ్చి, స్టాళ్ళిచ్చి, సరుకు చేరేదాకా తోడు రాకపోతే ఇచ్చిందంతా సగం దారిలోనే ఆగిపోతుంది. భౌగోళిక గుర్తింపు కోసం ఫైళ్ళు తిప్పినంత శ్రద్ధ ఈ మూడు గదుల మీద పెట్టమని ఎమ్మెల్యేలనీ కలెక్టర్లనీ అడగాలి. నేను అడుగుతూనే ఉన్నాను.

ఆ అక్క పెట్టె ఏమైందంటారా? డబ్బా కొలతకి సరిపోయే పెట్టె చేయించాం. లోపల పూతరేకులు ఒకదానికొకటి తగలకుండా అట్ట అరలు పెట్టాం, డబ్బా మూత చుట్టూ తేమ దూరకుండా సీలు వేశాం. తేమ డ్రమ్ములో ఉంచి, బస్తాల బరువు పెట్టి, గట్టు మీద తిప్పి, సిమెంటు నేల మీద పది సార్లు పడేశాం. రెండు చుట్టల అంచులు విరిగాయి, పొడి ఏమీ కాలేదు. అరల ఎత్తు ఇంకాస్త పెంచి మళ్ళీ చెయ్యాలి.

కొనేవాళ్ళని కూడా ఒకటి అడుగుతాను. మన ఊరి నుంచి తెప్పించుకున్న పార్సిల్ దెబ్బతిని వస్తే, డబ్బు వెనక్కి అడగండి, అది మీ హక్కు. దానితోపాటు పెట్టె విప్పకముందు ఆరు వైపులా ఫొటోలు తియ్యండి, విప్పాక ఏ మూలలో ఏది పగిలిందో, నూనె ఏ వైపు కారిందో ఇంకో రెండు తియ్యండి. వాట్సాప్‌లో పంపినవాళ్ళకి పెట్టండి. మూల నలిగిందా, అడుగు కుంగిందా, బయట అంతా బాగుండి లోపలే పొడి అయిందా అన్నది తెలిస్తే, తర్వాతి పెట్టెలో ఏం మార్చాలో ఇక్కడ కూర్చున్న మాకు తెలుస్తుంది.